లంకరేవు సిగ్నల్ కొయ్య

కంప్లి క్యాంపు,
బళ్ళారి జిల్లా,
4-10-1959

నా తమ్ముడు వెంకట్రావుకు,

వంట ముగించి, మీ బావ కళ్ళజోడు లాక్కుని, కాగితం ముందు కూర్చున్నాను. ఆయన పేపరు చదువుకోలేక విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. నువ్వు రెండు నెలలకొక కార్డు రాస్తావు. అందులో ముప్పావు వంతు సముద్రం గురించే. నువ్వు తింటున్నావో లేదో, ఎప్పుడొస్తావో, అవేమీ ఉండవు. రేవులో సిగ్నల్ గుమాస్తాకు తీరిక ఉండదని మీ బావ నిన్ను వెనకేసుకొస్తారు. గాలి లేని రోజున ఏం చేస్తావురా నువ్వు?

ఇక్కడ అందరం కులాసా. కాలవ కింద నాటిన మూడెకరాలూ పొట్టకొచ్చాయి. ఈ నేల మీద మాకు ఇదే మొదటి నిండు పంట. నిరుడు చివరి తడికి నీళ్ళందక సగం తాలుపోయిందని రాశాను కదా. ఈ ఏడు గట్టు మీద నిలబడి చూస్తే మన లంకరేవు పొలాలే గుర్తొస్తున్నాయి, ఉప్పుగాలి ఒక్కటే తక్కువ.

అసలు సంగతి ఇది. మా పక్క నాలుగెకరాలు దుర్గప్పవి. మాలా డ్యాము నీళ్ళకు వలస వచ్చినవాడు కాదు, ఈ ఊరివాడే, మంచివాడు. వయసు మీదపడి అంత భూమి చేయలేక అమ్మేస్తానంటున్నాడు. మా తమ్ముడి కోసం ఆపు అన్నాను. "కార్తీకం పోయేదంకా ఎవరికీ మాటియ్యను లేక్కా" అన్నాడు. ఆ సిగ్నల్ కొయ్యనూ ఆ తాళ్ళనూ వదిలేసి వచ్చెయ్యి. నాన్న గొడ్లను విప్పుకు రావడానికి లంకలోకి పోయి తుఫానులో చిక్కుకుని పోయిన నాటికి నీకు తొమ్మిదేళ్ళు. అమ్మా పోయింది. పుట్టింటి వైపు నాకు మిగిలింది నువ్వొక్కడివే. తుఫాను వస్తే ఊరంతా మెరకకు పరుగెత్తుతుంది, నువ్వు మాత్రం ఆ కొయ్య కింద ఉండాలి. అదేం ఉద్యోగంరా?

నువ్వు వచ్చేదాకా సముద్రం సంగతి మాత్రం రాస్తూ ఉండు. ఇక్కడికి వచ్చి మూడేళ్ళయినా, పొద్దున్నే లేచి తూర్పు మబ్బు చూడందే నాకు తోచదు. దుర్గప్ప పెళ్ళాం భీమక్క నవ్వుతుంది. "సముద్రమంటే ఎంతుంటాదక్కా, మన డ్యామంత ఉంటాదా?" అని అడిగింది. ఏం చెప్పను? దానికంటే కొంచెం పెద్దది అన్నాను.

నీ రాకకు చూసే
అక్క పున్నమ్మ

లంకరేవు,
11-10-1959

పున్నమ్మక్కకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఆ తర్వాత తిన్నాను. తింటున్నానో లేదో అడిగావు కాబట్టి రాస్తున్నాను: ఇవాళ మెత్తళ్ళ పులుసు, వంకాయ వేసి. బావ గారు ఈ వాక్యం చదవకుండా చూడు, జొన్నరొట్టె నములుతూ నన్ను తిట్టుకుంటారు.

భీమక్కతో ఇలా చెప్పు. సముద్రం అంటే మన రేవు ముందర కనిపించే నీళ్ళు కాదు. ఇటు మనం, అటు బర్మా, కింద సింహళం, నడుమ అండమాన్లు, ఇంతా కలిపి ఒక్క బంగాళాఖాతం. దాని మీద రంగూనుకూ పినాంగుకూ పోయే ఓడలు ఎప్పుడూ ఉంటాయి. ప్రతి ఓడలోనూ ఒకాయన పూటపూటకూ గాలి ఎటు నుంచి, ఎంత వేగం, బారోమీటరు ఎంత, అల ఎంత ఎత్తు అని చూసి వైర్‌లెస్‌లో కలకత్తాకు చెప్తాడు. వాళ్ళు పటం మీద చుక్కలు పెట్టి గీతలు కలుపుతారు. ఆ గీతలు గుండ్రంగా చుట్టుకున్నాయంటే వాయుగుండం పుట్టినట్టు. అప్పుడు అన్ని రేవులకూ తంతి వస్తుంది, ఫలానా నంబరు ఎగరెయ్యమని. నేను చేసేది అంతే. వెదురు తడికలతో చేసి నల్లరంగు పూసిన డోలు ఆకారమూ శంకువు ఆకారమూ తాడుకు కట్టి కొయ్య మీదకు లాగుతాను. చీకటి పడితే లాంతర్లు. ఇక్కడి పడవలవాళ్ళలో సంతకం వచ్చినవాడు ఒక్కడూ లేడు, కానీ ఆ గుర్తులు మాత్రం పసిపిల్లలు కూడా చదువుతారు.

ఎవడో ముక్కూ మొహం తెలియని మనిషి అండమాన్ల దగ్గర ఓడలో నిలబడి గాలి చూస్తే, ఆ కబురు కలకత్తా తిరిగి నా చేతిలో తాడు దాకా వస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమక్కా. ఇలాంటిది పొలంలో దొరుకుతుందా అని నా అనుమానం. నీకు కోపం వస్తుందని తెలుసు.

అయినా కార్తీకం పోయేలోగా ఏదో ఒకటి చెప్తాను. దుర్గప్పను ఆగమను. సముద్రం సంగతి ఇక నుంచి పొల్లుపోకుండా రాస్తాను. ఇవాళ ఏమీ లేదు. కొయ్య బోడిగా ఉంది.

బావ గారికి నమస్కారాలతో,
తమ్ముడు వెంకట్రావు

లంకరేవు,
2-11-1959

అక్కా,

కార్డే రాస్తున్నాను, టపా బస్సు కదిలేట్టుంది. అండమాన్లకు పడమర వాయుగుండం కట్టింది. ఓడల కబుర్లను బట్టి వాయవ్యంగా కదులుతోంది. నాలుగు రోజుల్లో ఒంగోలుకూ బందరుకూ మధ్య ఎక్కడో తీరం దాటొచ్చు. పొద్దున్నే రెండో నంబరు ఎగరేశాను. పడవలన్నీ ఒడ్డుకు లాగించాను. దాటాక అది పడమటికే నడుస్తుంది, అంటే మీ వైపే. పంట చేను మీద ఉంటుంది కదా, జాగ్రత్తగా చూసుకోండి. నా గురించి బెంగ వద్దు, ఆఫీసు మెరక మీదే ఉంది.

వెంకట్రావు

కంప్లి క్యాంపు,
14-11-1959

వెంకట్రావూ,

నువ్వు బాగున్నావా? ముందు అది రాయి. మన దగ్గర ఏమీ కాలేదని కంప్లి బజారులో ఎవరో పేపరు చూసి చెప్పారు. పేపరు మాట నమ్మను, నీ చేతిరాత చూడాలి.

నీ కార్డు ఆరో తారీఖున అందింది. పంట ఇంటికి చేరింది. మీ బావ కులాసా. మా క్యాంపులో ఉండే పెదబాబు పెళ్ళి పని మీద బందరు వస్తున్నాడు. అతని చేత ఒక సంచి అటుకులు పంపిస్తున్నాను. ఇంట్లోనే వేయించి దంచాం, నేనూ భీమక్కా. పచ్చగా, మెత్తగా ఉంటాయి. మజ్జిగలో వేసుకుని తిను, ఆఫీసులో వాళ్ళకూ పెట్టు. ఇంకా చాలా ఉన్నాయి, మొహమాటపడకు.

దుర్గప్ప రోజూ అడుగుతున్నాడు, "మీ తమ్ముడు ఏమన్నాడక్కా?" అని. ఏమన్నావు? కార్తీకం సగమైపోయింది.

ఈసారి పెద్ద ఉత్తరం రాయలేను, చేతులు కాయలు కాశాయి.

అక్క

లంకరేవు,
22-11-1959

అక్కా,

నేను నిక్షేపంగా ఉన్నాను. ఇదిగో నా చేతిరాత, ఎప్పటిలాగే కోడి గెలికినట్టు.

ఆ వాయుగుండం మమ్మల్ని ఆడించింది. మూడో రోజుకు ఉత్తరానికి తిరిగి, నడిసముద్రంలోనే నీరసించిపోయింది. ఇక్కడ నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. పడవలవాళ్ళు నాలుగు రోజులు వేట లేక కూర్చుని, ఐదో రోజు నా మీద పడ్డారు. "ఏవయ్యా గుమాస్తా, నీ డోలు ఎగరేసి మా పొయ్యిలు ఆర్పావు గదయ్యా" అన్నాడు పడవల పెద్ద. నాకు తంతి వచ్చింది కాబట్టి ఎగరేశాను అంటే వింటాడా? నాలుగు రోజులూ చేపలు దగ్గర్లోనే గుంపులు కట్టాయట. నాకు అన్నం సయించలేదు.

ఇంతలో పెదబాబు గారి చేత పంపిన సంచి అందింది. ఆయన పెళ్ళివారి బండి ఎక్కే తొందరలో సంచి గుమ్మంలో పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు. అటుకులు తింటే నా ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులో అందరికీ పంచాను. మా అక్క మొదటి నిండు పంట అని, నా కార్డు చూసి పంట ఇంటికి చేర్చుకున్నారని, చెప్పిన వాళ్ళకే మళ్ళీ చెప్పాను. బంట్రోతు కూడా విసుక్కున్నాడు. ఎవరేమన్నా నా కబురు ఒక్క చోటన్నా పనికొచ్చింది కదా! పడవలవాళ్ళ తిట్లు సగం మరిచిపోయాను.

నాలుగెకరాల సంగతి ఇంకొక్క వారం ఆగమని చెప్పు.

తమ్ముడు

లంకరేవు,
24-11-1959

అక్కా,

నిన్న పెదబాబు గారు మళ్ళీ వచ్చారు. అన్నానికి కూర్చోబెట్టాను. పంట ఎన్ని బస్తాలయిందండీ అని అడిగాను. ఆయన నవ్వి, "ఏం బస్తాలయ్యా, గింజ గట్టిపడకముందే కోయించేసింది మీ అక్క. క్యాంపులో గొడ్లన్నీ వారం రోజులు పచ్చిగడ్డి తిన్నాయి" అన్నారు. తర్వాత నా మొహం చూసి మాట మార్చబోయారు. నేను మార్చనివ్వలేదు.

ఎందుకు దాచావు? ఆ అటుకులు పచ్చి వడ్లవని నాకెందుకు తట్టలేదు? ఆఫీసంతా పంచాను కదే. నీ నష్టం తీసుకెళ్ళి గొప్పగా బంట్రోతుకు పెట్టాను.

మీరున్నది సముద్రానికి మూడు వందల మైళ్ళ దూరంలో. అక్కడికి వచ్చేసరికి ఏ తుఫానైనా రెండు రోజుల ముసురు. ఆ మాట ఆ కార్డులో రాయడానికి నాకు చోటు లేకపోయిందా? మీ వైపే వస్తుంది, జాగ్రత్త అని మాత్రం రాశాను. నాన్న పోయిన ఇంట్లో పుట్టినదానికి ఆ మాట రాస్తే ఏం చేస్తుందో నాకు తెలియదా?

ఇక్కడ చూస్తే ఎనిమిది పడవలవాళ్ళను నాలుగు రోజులు పస్తు పెట్టాను. అక్కడ నీ మొదటి పంట పోగొట్టాను. ఇక ఈ పని నా వల్ల కాదు. తాడు ముట్టుకోవాలంటేనే మనసు ఒప్పడం లేదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఆఫీసరు గారు సెలవు మీద కాకినాడ వెళ్ళారు, ఏడో తారీఖున వస్తారు. రాగానే ఇచ్చేసి బయల్దేరతాను. దుర్గప్పకు మాట ఇచ్చెయ్యండి. నువ్వు కోరుకున్నట్టే జరిగింది, ఇలా జరుగుతుందనుకోలేదు.

బావ గారి మొహం ఎలా చూడనో.

వెంకట్రావు

కంప్లి క్యాంపు,
29-11-1959

నా తమ్ముడికి,

ఉత్తరం పొద్దున్నే అందింది. మధ్యాహ్నం టపాకు పడాలని అన్నం కూడా పెట్టకుండా రాస్తున్నాను. మీ బావ కళ్ళజోడు ఆయనే తెచ్చి ఇచ్చారు.

దాచింది తప్పే. నువ్వు బాధపడతావని దాచాను. నువ్వు అంత గొప్పగా అందరికీ చెప్పుకుంటావని అనుకోలేదు. అటుకులు పంచానని నువ్వు రాసిన ఉత్తరం చదివి రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్తాను, విను.

నీ కార్డు వచ్చిన రోజు మీ బావ ఊళ్ళో లేరు. బండి ఇరుసు విరిగితే కొత్తది తేవడానికి బళ్ళారి కౌల్ బజారు వెళ్ళారు. నీ కార్డు చదివాను. తూర్పున మబ్బు పట్టి ఉంది. ఇక ఆలోచించలేదు. దొరికిన కూలీలందరినీ పిలిచి కొడవళ్ళు చేతికిచ్చాను. దుర్గప్ప పరుగెత్తుకొచ్చి చేనుకు అడ్డం నిలబడ్డాడు. "బ్యాడక్కా, కోయొద్దు! ఇంకా పదైదు దినాలు నిలబెట్టల్ల. గింజలో పాలుండాయి" అన్నాడు. తుఫాను వస్తోంది అన్నాను. "యాడిది తుఫాను? సముద్రం ఈడికెట్లొస్తాదక్కా? వానొస్తే ఒస్తాది, పోతాది. ఈడేం ఉప్పునీళ్ళు ఎక్కుతాయా?" అన్నాడు. వినలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాను, అంత పెద్దవాణ్ణి. చీకటి పడేలోగా మూడెకరాలూ కోసి కుప్ప వేయించాను. మర్నాడు పొద్దున్నే ఎండ కాసింది.

సాయంత్రానికి మీ బావ వచ్చారు. కుప్ప చూశారు, మోడు చేను చూశారు. గట్టు మీద కూర్చున్నారు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను, ఎంత తిట్టినా పడదామని. ఆయన ఒక్కటే మాట అన్నారు. "వెంకట్రావు చెప్పాడు, నువ్వు కోశావు. రాలేదు, అంతేగా? రాకపోవడమే మంచిది." తర్వాత ఆయనే లేచి గొడ్లకు గడ్డి వేశారు. నాకు ఏడుపు ఆగలేదు. భీమక్క వచ్చి, "ఏడిస్తే వడ్లు పండుతాయా? రా, అటుకులన్నా దంచుదాం" అని రోలు దగ్గరకు లాక్కుపోయింది. ఆ అటుకుల కథ అది. మేము తిండికి లోటుపడలేదు, పక్క మడిలో రెండో పంటకు నారు పోశాం. భయపడకు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. ఆ కార్డు చదివినప్పుడు నేను భయంతో కోయించాననుకుంటున్నావు. కాదురా. నాన్న పోయిన రోజు పొద్దున మన ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. తెలిస్తే నాన్న లంకలోకి పోయేవాడు కాదు. అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నేను జడ వేసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా అదే తలుచుకుంటున్నాను, ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే అని. ఈసారి చెప్పారు. చెప్పింది నా తమ్ముడు. కొడవలి పట్టుకుంటే నాకు ఎక్కడలేని బలం వచ్చింది. పంట పోయింది, నిజమే. ఆ బలం మాత్రం పోలేదు. రేపు మళ్ళీ కార్డు రాస్తే మళ్ళీ కోస్తాను, దుర్గప్ప ఎంత అరిచినా. ఈసారి గింజ గట్టిపడిందో లేదో మాత్రం చూస్తానులే.

నాకైతే నువ్వు కార్డు రాస్తావు. ఆ ఎనిమిది పడవలవాళ్ళ ఇళ్ళకు ఎవరు రాస్తారు? వాళ్ళకు ఉన్నది ఆ కొయ్య ఒక్కటే. తిట్టారని వచ్చేస్తావా? వాళ్ళు తిట్టకపోతే ఎవరు తిడతారు, పస్తున్నది వాళ్ళే కదా. పడాలి నువ్వు.

నువ్వు రావాలని నేనెంత కోరుకున్నానో నాకే తెలుసు. నీకోసం చావడి పక్కన గది అలికి పెట్టాను. అందుకే మనసు మారకముందే, ఇవాళ నీ ఉత్తరం చదవగానే దుర్గప్ప దగ్గరకు పోయాను. ఆ నాలుగెకరాలు మీ అల్లుడు మారెన్నకే ఇచ్చుకో, మా తమ్ముడు రాడు అని చెప్పాను. "ఏందక్కా, ఇన్నాళ్ళు ఆపమని నువ్వే గదా?" అన్నాడు. నేనే అన్నాను. నిన్ను అడగకుండా చేసినందుకు కోపం వస్తే వచ్చి పోట్లాడు. నాలుగు రోజులుండి, కడుపునిండా తిని, మళ్ళీ వెళ్ళు. ఉండిపోతానంటే మాత్రం రానివ్వను.

నువ్వు ఆ తాడు వదలకూడదని కోరుకునే
అక్క పున్నమ్మ

లంకరేవు,
9-12-1959

అక్కా,

నీ ఉత్తరం నాలుగో తారీఖు పొద్దున అందింది. దానికి జవాబు రాయడానికి ఐదు రోజులు పట్టింది. ఎందుకో చెప్తాను.

మూడో తారీఖున కలకత్తా నుంచి తంతి వచ్చింది. సింహళానికి తూర్పున వాయుగుండం ఉంది, దూరంగా ఉంది, ఒకటో నంబరు చాలు అని. ఎగరేశాను. ఒకటో నంబరుకు పడవలు ఆగవు. నాలుగో తారీఖు తెల్లవారేసరికి ఈశాన్యపు గాలి ఎక్కువైంది. ఆఫీసులో బారోమీటరు దిగుతోంది. కలకత్తాను అడుగుదామని తంతి ఆఫీసుకు పోతే, తీగ ఎక్కడో తెగింది, ఎప్పటికి బాగవుతుందో తెలియదు అన్నారు. ఆఫీసరు గారు కాకినాడలో. రేవులో ఎనిమిది పడవలూ తెరచాపలు సర్దుకుంటున్నాయి.

ఇలాంటప్పటికి ఒక నంబరు ఉందక్కా, పదకొండు. నేను చేరిన ఆరేళ్ళలో ఒక్కసారీ ఎగరేయలేదు. దాని అర్థం, పైనుంచి కబురు తెగిపోయింది, ఇక్కడున్నవాడికి మాత్రం ప్రమాదం అనిపిస్తోంది అని. మిగతా నంబర్లన్నీ కలకత్తావి. అది ఒక్కటే నాది. వాళ్ళు మళ్ళీ పస్తుంటే నన్నే అడుగుతారు, నేను ఇంకొకరి పేరు చెప్పుకోవడానికి లేదు. రాజీనామా జేబులో ఉంది, ఇంకో మూడు రోజులు కళ్ళు మూసుకుంటే చాలు అనిపించింది. ఆ సంగతి నీకు దాచను. అప్పుడే టపా వచ్చింది. కొయ్య కిందే నిలబడి చదివాను. మడిచి చొక్కాలో పెట్టుకుని పదకొండో నంబరు ఎగరేశాను.

పడవల పెద్ద పైకి చూసి, ఆ గుర్తు ఏమిటో తెలియక నా దగ్గరకు వచ్చాడు. "ఏందయ్యా ఇది? కలకత్తా ఏమంది?" అన్నాడు. కలకత్తా ఏమీ అనలేదు, నేనే అంటున్నాను, పోవద్దు అన్నాను. ఉమ్మేసి వెళ్ళిపోయాడు. కానీ పడవలు ఆపాడు.

ఆ రోజంతా, మర్నాడంతా గాలి ఊగించింది. ఐదో తారీఖు సాయంత్రానికి తగ్గింది. తీగ బాగయ్యాక తెలిసింది, వాయుగుండం కింద నాగపట్నం వైపు పోయిందట. మన సముద్రంలో పడవను ముంచేంత అల కూడా లేవలేదు. ఆ రెండు రోజులూ వేటకు పోయుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆఫీసరు గారు వచ్చి సంజాయిషీ అడిగారు. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. రాజీనామా మాత్రం ఇవ్వలేదు. దుర్గప్పకు ఆ మాట చెప్పినందుకు నీ మీద కోపం రాలేదు. వస్తుందేమోనని రెండు రోజులు చూశాను కూడా.

ఆరో తారీఖు పొద్దున పడవలవాళ్ళు ఆఫీసు మీదకు వచ్చారు. ఈసారి పెద్ద ఒక్కడే కాదు, అందరూ. అమ్మనూ అబ్బనూ కలిపి తిట్టారు. ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు బుట్టలు బోర్లించి శాపనార్థాలు పెడుతున్నారు. ఎనిమిది పడవలకు ముప్ఫై ఇద్దరు మనుషులు. వాళ్ళు అరుస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి ఒక్కొక్క మొహాన్నే చూసుకుంటూ లెక్కపెట్టాను. ముప్ఫై ఇద్దరూ ఉన్నారు.

నీ తమ్ముడు
వెంకట్రావు